“ఎందుకు పోయినవ్?” అని అడగకండి

మన వాడల్లో ఏ ఆడపిల్ల అయినా ఏడ్చుకుంటూ ఇంటికొచ్చి “ఫలానావాడు నన్ను ఇట్ల చేసిండు” అని చెబితే, పెద్దవాళ్ళ నోటి నుంచి మొట్టమొదట వచ్చే మాట ఏది? నలభై ఏండ్ల నుంచి వింటున్నాను, మాట మారలేదు. “నువ్వు అటు దిక్కు ఎందుకు పోయినవ్?” ఆ తర్వాత “అరవలేదెందుకు?” ఆఖరుకు “ఎవ్వరికీ చెప్పకు, ఇజ్జత్ పోతది.” ఈ మూడు మాటలు అయ్యేసరికి పిల్ల నోరు మూతపడుతుంది. చేసినవాడు తెల్లారి అదే గల్లీలో నిలబడి చాయ్ తాగుతుంటాడు.

ఈ సంగతి పత్రికలో రాస్తే చదవడానికి కొందరికి సిగ్గనిపించవచ్చు. అయినా రాయాలి. నేను చదివింది అయిదో తరగతి. మా నాయన ముంబై మిల్లు కార్మికుడు. నేను భివండిలో సాంచాల కాడ కండెలు చుట్టి బతికినదాన్ని. ఆపదలో ఉన్న ఆడవాళ్ళకు తోడుగా ఠాణాకు, దవాఖానకు, కోర్టుకు పోయి పోయి కొన్ని తెలుసుకున్నాను. మన మహిళా మండలికి వచ్చే వకీలమ్మలను అడిగి ఇంకొన్ని రాసుకున్నాను. ఎవరి ఇంట్లో ఏం జరిగిందో ఇక్కడ రాయను. జరిగినప్పుడు ఏం చేయాలో, జరగకుండా ఏం చేయాలో అదే రాస్తాను.

శక్తి మిల్లు చెప్పిన పాఠం

ముంబైలో మహాలక్ష్మి స్టేషన్ దగ్గర శక్తి మిల్లు ఉండేది. మిల్లు మూతబడి గోడలు కూలి, లోపల చెట్లు మొలిచి అడవి లెక్క అయింది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల మిల్లుల భోంగా మోగితే వర్లీ, పరేల్ చాళ్ళల్లో మన ఇండ్లు నిద్ర లేచేవి. అదే చోట 2013 ఆగస్టు 22 సాయంత్రం, ఫోటోలు తీసే ఉద్యోగం మీద పోయిన ఒక అమ్మాయి మీద కొందరు కలిసి అత్యాచారం చేశారు. వెంట ఉన్న తోటి ఉద్యోగిని కట్టేశారు. ఆ అమ్మాయి ఆ రాత్రే దవాఖానకు చేరింది, పోలీసులకు చెప్పింది. కొద్ది రోజుల్లోనే అందరూ దొరికారు.

ఇక్కడిదాకా చాలామందికి గుర్తుంటుంది. ఆ తర్వాత జరిగింది గుర్తు పెట్టుకోవాలి. ఆ వార్త చూసి ఇంకో అమ్మాయి బయటికి వచ్చింది. టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసే పిల్ల. అంతకు మూడు వారాల ముందు, జూలై 31న, అదే మిల్లు ఆవరణలో తన మీద కూడా అత్యాచారం జరిగిందని చెప్పింది. రెండు కేసుల్లోనూ ముగ్గురు వాళ్ళే. 2014లో కోర్టు రెండు కేసుల్లోనూ దోషులని తీర్పు చెప్పి ఆ ముగ్గురికి ఉరిశిక్ష వేసింది. 2021లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది.

మొదటి పిల్ల మూడు వారాలు ఎందుకు చెప్పలేకపోయిందని ఆమెను అడగవద్దు. మనల్ని మనం అడుగుదాం. మన పిల్లకే అట్ల జరిగితే, ఇంటికొచ్చి చెప్పుకొనే ధైర్యం ఆమెకు ఉంటుందా? చెబితే నమ్ముతారనే నమ్మకం మనం ఇచ్చినమా? ఒక పిల్ల చెప్పగలిగితే ఇంకో పిల్లకు నోరు వచ్చింది. ఒక పిల్ల నోరు మనం మూయిస్తే ఆ మనిషికి ఇంకో పిల్ల దొరుకుతుంది.

చీకటి సందుల్లోనే కాదు

శక్తి మిల్లు లాంటి పాడుబడ్డ చోట్లకు పిల్లను పోనివ్వకుంటే సరిపోతుందని మనం అనుకుంటాం. ప్రభుత్వం ఏటేటా వేసే నేరాల లెక్కలు చూస్తే అత్యాచారం కేసుల్లో 100కి 90కి పైగా చేసినవాడు ఆమెకు తెలిసినవాడే. పక్కింటివాడు, చుట్టం, పని ఇచ్చేవాడు, పెండ్లి చేసుకుంటానని నమ్మించినవాడు. పిల్లను ఇంట్లో కూర్చోబెట్టి తాళం వేస్తే ఆపద బయటే ఆగిపోతుందని అనుకోవద్దు. లోపలికి వచ్చి చాప మీద కూర్చునేవాళ్ళలోనే అది ఉండవచ్చు.

మన తెలుగు ఇండ్లల్లో ఒక అలవాటు ఉంది. మేనబావ అయితే ఏమన్నా అనవచ్చు, చెయ్యి పట్టుకోవచ్చు, జడ గుంజవచ్చు. పిల్ల చిరాకుపడితే “వరసైనవాడే కదా, సరసానికి అన్నడు” అని నవ్వేస్తాం. ఇద్దరికీ ఇష్టమైతే అది సరసం. పిల్లకు ఇష్టం లేకపోతే అది వేధింపు. ఏ వరసా దానికి హక్కు ఇవ్వదు.

చాళ్ళల్లో సామూహిక పాయఖానాల సంగతి కూడా చెప్పాలి. రాత్రిపూట ఆడవాళ్ళు నీళ్ళ డబ్బా పట్టుకొని పోయే దారిలో దీపం ఉండదు, తలుపుకు గడియ ఉండదు. ఇది చిన్న సంగతి అనుకోవద్దు. నలుగురు ఆడవాళ్ళు సంతకాలు పెట్టి నగరసేవకుని దగ్గరకు, మహానగరపాలిక వార్డు కచేరికి పోతే ఒక దీపం, నాలుగు గడియలు సాధించవచ్చు. గుడి ఉత్సవానికి పట్టీ వసూలు చేసే సంఘం ఈ గడియల కోసం కూడా పది రూపాయల పట్టీ వేయవచ్చు.

ఇప్పుడు ప్రతి చేతిలో ఫోన్ ఉంది. ఫోటో తీసి, మార్చి, “చెప్పినట్టు వినకపోతే అందరికీ పంపిస్తా” అని బెదిరించేవాళ్ళు తయారయ్యారు. అట్ల వస్తే భయపడి తుడిచేయవద్దు. వచ్చిన మెసేజ్‌లు, నంబరు, తారీఖు అట్లనే ఉంచి ఠాణాలో చూపించాలి. దొంగతనంగా ఫోటో తీయడం, వెంటపడడం, ఫోన్ మీద పదే పదే విసిగించడం అన్నీ చట్టంలో నేరాలే.

చిన్న పిల్లలు, మగపిల్లలు కూడా

మన ఇండ్లల్లో తల్లిదండ్రులిద్దరూ పనికి పోతారు. పిల్లలు పక్కింట్లోనో, ట్యూషన్‌లోనో, బంధువుల దగ్గరో ఉంటారు. పిల్లలకు మూడు నాలుగేండ్ల నుంచే కొన్ని చెప్పాలి. ఒంటి భాగాలకు సరైన పేర్లు చెప్పాలి. చడ్డీ కప్పే చోటును అమ్మ స్నానం చేయించేటప్పుడు, డాక్టరు అమ్మ ముందర చూసేటప్పుడు తప్ప ఎవరూ తాకకూడదని చెప్పాలి. “ఇది మనిద్దరి మధ్యనే, అమ్మకు చెప్పకు” అని ఎవరన్నా అంటే అదే ముందుగా వచ్చి అమ్మకు చెప్పాలని నేర్పాలి. తాత అయినా మామ అయినా, పిల్ల ముద్దు ఇయ్యను, ఒడిలో కూర్చోను అంటే బలవంతం చేయవద్దు. పెద్దవాళ్ళకు కాదు అని చెప్పడం పిల్లలు మన ముందరే నేర్చుకోవాలి.

మగపిల్లలకు ఇట్లాంటివి జరగవనుకోవడం పొరపాటు. 2012 నుంచి ఉన్న పోక్సో చట్టం 18 ఏండ్ల లోపు ఆడపిల్లకూ మగపిల్లవానికీ ఒకే తీరుగా వర్తిస్తుంది. మగపిల్లవాడు “మొగోడివై ఏడుస్తవా” అన్న మాటకు భయపడి ఇంకా లోపల దాచుకుంటాడు.

పిల్ల నోటితో చెప్పలేనప్పుడు ఒంటితో చెబుతుంది. ఉన్నట్టుండి పక్క తడపడం, ఒక మనిషి వస్తే దాక్కోవడం, ట్యూషన్‌కు పోను అని మొండికేయడం, మూత్రం పోసేటప్పుడు మంట అని ఏడవడం. ఇవన్నీ వేరే కారణాలకు కూడా వస్తాయి. అయినా కొట్టకుండా, కసరకుండా దగ్గర కూర్చొని అడగాలి.

2024 ఆగస్టులో మన ఠాణే జిల్లా బద్లాపూర్‌లో నాలుగేండ్ల పిల్లలిద్దరి మీద బడిలోనే దౌర్జన్యం జరిగింది. అంత చిన్న పిల్లలు కూడా తమకు వచ్చిన మాటల్లో ఇంట్లో చెప్పగలిగారు. ఇంట్లోవాళ్ళు విన్నారు. ఠాణాలో గంటల తరబడి కూర్చోబెట్టారని తెలిసి ఊరు మొత్తం రైలు పట్టాల మీదకు వచ్చింది. ఆ ఇండ్లల్లో “పిల్లల మాటలు, వాళ్ళకేం తెలుసు” అని ఊరుకొని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

పిల్ల మీద ఇట్లాంటిది జరిగిందని తెలిసినవాళ్ళు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. తెలిసీ దాస్తే 6 నెలల దాకా జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. పిల్ల వాంగ్మూలం తీసుకోవడానికి ఠాణాకు తీసుకుపోవలసిన పని లేదు. పోలీసులే ఇంటికి గాని, పిల్లకు నచ్చిన చోటికి గాని రావాలి. వీలైనంతవరకు ఆడ అధికారి రావాలి, పోలీసు బట్టలతో రాకూడదు. రాత్రిపూట పిల్లను ఠాణాలో ఉంచకూడదు. ఆడపిల్లను ఆడ డాక్టరే చూడాలి. ఇవన్నీ మన హక్కులు, ఎవరి దయా కాదు.

సాంచాల కాడ, గోదాముల కాడ

కార్ఖానాలో సాంచాల చప్పుడుకు పక్కన మనిషి అరిచినా వినబడదు. బీములు పెట్టిన సందుల్లో ఒక్క మనిషే పడుతుంది. కండెలు ఇచ్చే వంకతో చెయ్యి తగిలించేవాడు, పగారు రోజు అందరూ పోయినాక రమ్మనేవాడు, బూతు పాట పెట్టి మొహం చూసి నవ్వేవాడు, ఇట్లాంటివాళ్ళను చూడని ఆడ కార్మికురాలు లేదు. ఇప్పుడు మన ఆడపిల్లలు గోదాముల్లో ప్యాకింగ్ పనికి పోతున్నారు. అక్కడా ఇదే.

దీనికి చట్టం ఎట్ల వచ్చిందో తెలుసుకోవాలి. రాజస్థాన్‌లో భటేరీ అనే ఊరిలో భన్వరీ దేవి అని కుమ్మరి కులం ఆమె ఉంది. ప్రభుత్వ పథకంలో పనిచేస్తూ బాల్యవివాహాలు ఆపడానికి పోయింది. ఆ పగతో 1992లో ఊరి పెద్ద కులంవాళ్ళు ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. కింది కోర్టు నిందితులను విడిచిపెట్టింది. ఆమె ఊరు విడిచిపోలేదు, నోరు మూయలేదు. ఆమె కేసు చూసి ఆడ సంఘాలు సుప్రీంకోర్టుకు పోయాయి. 1997లో విశాఖ తీర్పు వచ్చింది. దాని మీద 2013లో చట్టం అయింది. ఒక చదువురాని కుమ్మరి ఆడమనిషి నిలబడితేనే ఇవాళ పెద్ద పెద్ద కంపెనీల్లో చదువుకున్న అమ్మాయిలకు కూడా రక్షణ దొరికింది.

10 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట యజమాని ఒక కమిటీ వేయాలి. దానికి ఆడమనిషే అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్ళు, బయటి మనిషి ఒకరు ఉండాలి. కమిటీ వేయకపోతే సేఠ్‌కు 50,000 రూపాయల దాకా జరిమానా. మన సాంచాల కార్ఖానాల్లో చాలావాటిలో 10 మంది కూడా ఉండరు. అట్లాంటి చోట గాని, సేఠ్ మీదనే ఫిర్యాదు అయితే గాని, జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి ఇవ్వాలి. కలెక్టరు కచేరిలో అడిగితే చెబుతారు. జరిగిన 3 నెలల్లోపు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే ఇంకో 3 నెలలు గడువు ఇస్తారు. రాయడం రాకపోతే రాసుకోవడానికి కమిటీవాళ్ళే సాయం చేయాలి. విచారణ నడిచేటప్పుడు ఆమెను గాని అతన్ని గాని వేరే చోటికి మార్చమని, లేదా తనకు సెలవు ఇవ్వమని అడగవచ్చు. సేఠ్ పెట్టిన టెంపోలో పోతూ వస్తూ జరిగినా పని చోట జరిగినట్టే లెక్క.

తోటి మగ కార్మికులకు ఒక మాట. అన్నా, నువ్వు అట్లాంటి పని చేయవు, సరే. కానీ పక్కవాడు చేస్తుంటే చూసి నవ్వుతావు. నువ్వు నవ్వకుండా “ఏం పని రా ఇది” అని ఒక్క మాట అంటే చాలు, సగం వేధింపులు అక్కడే ఆగుతాయి. రేపు ఆమె సాక్ష్యం అడిగితే మొహం తిప్పుకోవద్దు.

జరిగిన తర్వాత మొదటి గంటలు

ముందు నమ్మాలి. “చెప్పినవ్, మంచి పని చేసినవ్ బిడ్డా. నీ తప్పేం లేదు. నేనున్న.” ఈ మూడు మాటలు చాలు. పదిమందిని పిలిచి ఆమెతో పదిసార్లు చెప్పించవద్దు.

అత్యాచారం అయితే స్నానం చేయించవద్దు, బట్టలు ఉతకవద్దు. మన ఆడవాళ్ళకు మొదట అదే పుడుతుంది, కడిగేయాలని. ఆ బట్టలు కాగితం సంచిలో పెట్టాలి, ప్లాస్టిక్‌లో పెట్టవద్దు. ఆలస్యం అయిపోయినా, కడిగేసినా కేసు పోదు, దవాఖానకు పోవలసిందే. సర్కారీది గాని, ప్రైవేటుది గాని, ఏ దవాఖాన అయినా వెంటనే పైసలు తీసుకోకుండా చికిత్స చేయాలని చట్టం. “ముందు పోలీసు కాగితం తెండి” అని వెనక్కి పంపకూడదు. గర్భం రాకుండా, హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది. పరీక్ష ఆమె ఒప్పుకుంటేనే చేయాలి. వేళ్ళతో చేసే పాత పరీక్షను చేయకూడదని, చేసినవాళ్ళు తప్పు చేసినట్టేనని సుప్రీంకోర్టు 2022లో గట్టిగా చెప్పింది.

ఏ ఠాణాకు పోయినా ఫిర్యాదు రాసుకోవాలి. “ఇది మా హద్దు కాదు” అనకూడదు. దాన్ని జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో ఇది రాసి ఉంది. ఎఫ్‌ఐఆర్ నకలు ఫుకట్‌గా ఇవ్వాలి. రాసుకోకపోతే పోలీసు పై అధికారికి రిజిస్టర్ పోస్టులో పంపవచ్చు. ఆడవాళ్ళకు ఎంత సంపాదన ఉన్నా సర్కారు తరఫు వకీలు ఫుకట్‌గా దొరుకుతాడు, జిల్లా న్యాయ సేవా ప్రాధికరణలో అడగాలి. మహారాష్ట్రలో మనోధైర్య పథకం కింద ఆర్థిక సాయం కూడా అక్కడి నుంచే వస్తుంది.

కులపెద్దల కాడ తీర్పు వద్దు

ఇట్లాంటిది జరిగితే మనోళ్ళు మొదట సంఘం పెద్దలను పిలుస్తారు. “ఏదో అయింది, లక్ష రూపాయలు ఇప్పిస్తాం”, “వాడికే ఇచ్చి పెండ్లి చేద్దాం” అని కూర్చోబెడతారు. అత్యాచారం కేసులో రాజీ అనే ఆలోచనే రాకూడదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. పాడు చేసినవానికే పిల్లను కట్టబెడితే ఆ శిక్ష ఎవరికి పడినట్టు? కేసు పెట్టిన ఇంటిని కులం నుంచి వెలివేస్తే అది కూడా మహారాష్ట్రలో నేరమే. దానికి 2016లో వేరే చట్టం చేశారు. పెద్దలకు నా మనవి. మీరు తీర్పు చెప్పకండి, ఆ ఇంటివాళ్ళ వెంట ఠాణా దాకా నడవండి. మీ పెద్దరికం అక్కడ పనికొస్తుంది.

“అరవలేదెందుకు” అనేవాళ్ళకు కూడా ఒక సంగతి. మన మహారాష్ట్రలోనే 1972లో మథుర అనే గిరిజన కూలి పిల్ల మీద ఠాణాలోనే పోలీసులు అత్యాచారం చేశారన్న కేసు నడిచింది. ఒంటి మీద గాయాలు లేవు, అరవలేదు అని సుప్రీంకోర్టు వాళ్ళను విడిచిపెట్టింది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు కోర్టుకు బహిరంగ లేఖ రాశారు, దేశమంతా ఆడవాళ్ళు రోడ్ల మీదకు వచ్చారు. 1983లో చట్టం మారింది. తిరగబడలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అని అనకూడదని ఇవాళ చట్టంలోనే రాసి ఉంది. భయానికి మనిషి కొయ్యబారిపోతుంది. కోర్టు ఒప్పుకున్న సంగతిని మన గల్లీ ఇంకా ఒప్పుకోవడం లేదు.

తర్వాత కూడా తోడుండాలి

కేసు ఏండ్ల తరబడి నడుస్తుంది. మొదటి వారం ఇల్లంతా మనుషులే, ఆరు నెలలకు తారీఖు రోజు వెంట వచ్చేవాళ్ళు ఉండరు. కోర్టు మెట్ల మీద ఒంటరిగా కూర్చున్న తల్లిని చూసినప్పుడు నా కడుపు తరుక్కుపోయింది. తోడు పోవడమే పెద్ద సాయం. పిల్ల బడి ఆపవద్దు. పని మాన్పించవద్దు. తొందరపడి పెండ్లి చేయవద్దు. రాత్రిళ్ళు ఉలిక్కిపడుతుంటే, అన్నం తినకపోతే డాక్టరుకు చూపించాలి, అది పిచ్చి కాదు. ఆమె పేరు, ఊరు, ఫోటో వాట్సాప్‌లో పంపడం నేరం, జాలితో పంపినా నేరమే.

మన వాడలో ప్రతి గల్లీకి ఇద్దరు ఆడవాళ్ళు “మేమున్నాం, ఏ రాత్రి అయినా తలుపు కొట్టండి” అని ముందుకు రావాలి. వాళ్ళ పేర్లు, కింది నంబర్లు గుడి బోర్డు మీద, కార్ఖానా గోడ మీద రాయించాలి. పోలీసులకు 112. ఆడవాళ్ళ సాయానికి 181, పిల్లలకు 1098, ఫుకట్ వకీలుకు 15100. ఈ పేజీ చింపి తలుపు వెనక అంటించుకోండి. ఇంట్లో అందరికీ, ముఖ్యంగా చదువురాని అత్తమ్మలకు చదివి వినిపించండి. పిల్ల వచ్చి మొదట చెప్పేది చాలాసార్లు వాళ్ళతోనే.